వాన పడని ఊళ్ళో పడే వాన

రండి, కూర్చోండి. అటు కాదు, ఈ పక్కకు రండి. అటు కూర్చుంటే పొగంతా మీ కళ్ళలోకే వస్తుంది. పుష్యమాసంలో అనంతపురం వచ్చి చలేస్తోందంటే నమ్మనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళంతా ఎండాకాలంలో రైలు కిటికీలోంచి మా సీమను చూసి వెళ్ళినవాళ్ళు. మబ్బు అనే దుప్పటి లేని నేల ఇది. పగలు కూడబెట్టిన వేడినంతా పొద్దుగూకగానే పైకి వదిలేసి, తెల్లారేదాకా వణుకుతుంది. అందుకే ఈ చలిమంట. కంది కట్టె ఒక మోపు, సర్కారు తుమ్మ మొద్దు ఒకటి, నడుమ నడుమ గుప్పెడు చెనిక్కాయ పొట్టు. ఇదిగో, నిప్పుల్లో వేసిన చెనిక్కాయలు కాలాయి. ఒలుచుకుంటూ వినండి.

మాది కల్యాణదుర్గం వైపు. వాన సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. అదీ సగటు మాట. పైరుకు కావలసిన నాడు ఎంత పడిందన్నది వేరే మాట. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా మాదేనని, ఎంత నిజమో గానీ, బడిలో చదువుకుని, అదేదో రెండో ర్యాంకు వచ్చినట్టు చెప్పుకుంటూ పెరిగాం.

ఈ రాత్రి నేను చెప్పబోయేది ఇంకో వాన గురించి. ఒక్కసారి అరచెయ్యి చాపండి. ఆకాశం వైపు. చాలు, తీసెయ్యండి. ఆ కాసేపట్లో రెండు మూడు చినుకులు మీ చేతి గుండా దూసుకుపోయాయి. చర్మం తడవలేదు, చురుక్కుమనలేదు. కాస్త అటూ ఇటుగా సెకనుకొకటి చొప్పున, పగలూ రాత్రీ పడుతూనే ఉంటాయి. ఆరుద్ర కార్తె ఎండగట్టినా పడతాయి, చిత్త చిత్తగించకపోయినా పడతాయి. వీటిని విశ్వకిరణాలంటారు.

ఎక్కడో నక్షత్రాలు పేలిపోయినప్పుడు చెదిరిన ముక్కలు, ఎక్కువగా ప్రోటాన్లు, లక్షల ఏళ్ళు తిరిగి తిరిగి వచ్చి మన గాలిని ఢీకొంటాయి. ఆ దెబ్బకు గాలిలోని పరమాణువులు పగిలి, ఆ పెంకులే మన మీద జల్లుగా రాలతాయి. 1912 ఆగస్టులో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా ఆయన బెలూనెక్కి ఐదు కిలోమీటర్ల ఎత్తుకు పోయి, పైకి పోయేకొద్దీ ఈ తాకిడి ఎక్కువవుతోందని కనిపెట్టాడు. అంటే అది నేలలోంచి రావడం లేదు, పైనుంచి దిగుతోందన్నమాట. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో మన పక్క ఊళ్ళు కూడా ఉన్నాయి. అమెరికా నుంచి మిలికన్ అనే శాస్త్రజ్ఞుడు 1939-40 ప్రాంతంలో బెంగుళూరు దాకా వచ్చి బెలూన్లు ఎగరేశాడు. ఆ తర్వాత బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థ వాళ్ళు 1959 నుంచి హైదరాబాదులో ఎగరెయ్యడం మొదలుపెట్టి, చివరికి అక్కడే శాశ్వతంగా ఒక బెలూన్ కేంద్రం పెట్టుకున్నారు. కిందికి పోయినవాళ్ళూ ఉన్నారు. మా హిందూపురం నుంచి అర పూట ప్రయాణంలో ఉన్న కోలారు బంగారు గనుల్లో, మన తెలుగువాళ్ళూ తమిళులూ కలిసి పలుగు పట్టిన ఆ గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు దించారు. విశ్వకిరణాలు గాలిలో పుట్టించే న్యూట్రినోలనే కణాల జాడను 1965లో అక్కడే పట్టుకున్నారు. బంగారం కోసం తవ్విన గొయ్యిలో ఆకాశం దొరికింది.

నవ్వుకునే మాటొకటి చెబుతాను. భూమి ఒక పెద్ద అయస్కాంతం కదా. అది ఈ కిరణాలను మధ్యలో ఎక్కువ అడ్డుకుని, ధ్రువాల దగ్గర ఎక్కువ లోపలికి రానిస్తుంది. మనం ఉన్నది ఆ మధ్య భాగంలోనే. అంటే మామూలు వానే కాదు, ఈ వాన కూడా మనకు తక్కువే! మా మామకు ఈ ముక్క చెబితే, ‘‘దేవుడు యాడ కొలిచినా మన మానికకు బొక్క పెట్టే కొలుస్తాడప్పా’’ అన్నాడు.

సరే, పడితే పడింది. దానివల్ల మనకేమిటంటారా? ఈ వాన పడినచోటల్లా ఒక చుక్క గుర్తు పెట్టి పోతుంది. ఆ గుర్తుల్ని లెక్కపెడితే వయసు తెలుస్తుంది. చెట్టు వయసు, బూడిద వయసు, రాయి వయసు, చివరికి నీటి వయసు కూడా. మా అవ్వను వయసెంతని అడిగితే ‘‘ధాత కరువు మా అమ్మ చూసింది, గాలివాన ఏడాది నేను పుట్టినా’’ అనేది. పింఛను కాగితంలో ఎవరో తోచిన అంకె వేశారు. మనుషుల వయసే ఇట్లా ఉంటే, కొండల వయసు ఎవడు రాసిపెట్టాడని అడగొద్దు. పైనుంచి ఒక కరణం రాస్తూనే ఉన్నాడు.

మొదట ఈ మంటనే చూద్దాం. ఈ కంది కట్టె పోయిన వానాకాలం మొలిచింది. బతికినన్నాళ్ళూ ఆకులతో గాలి తాగింది. ఆ గాలిలోని బొగ్గుపులుసు వాయువులో కార్బన్ ఉంటుంది. అందులో లక్ష కోట్లకు ఒక్కటి చొప్పున కార్బన్-14 అనే బరువైన తమ్ముడుంటాడు. ఇంటిపేరు ఒకటే, బరువు వేరు. విశ్వకిరణాల జల్లులోని న్యూట్రాన్ ఒకటి నైట్రోజన్‌కు తగిలితే వీడు పుడతాడు. ఇట్లాంటి బరువు తేడా అన్నదమ్ములనే ఐసోటోపులంటారు. వీడు నిలకడ లేనివాడు. 5,730 ఏళ్ళకు సగం మంది మళ్ళీ నైట్రోజన్‌గా మారిపోతారు. మిగిలిన సగంలో ఇంకో 5,730 ఏళ్ళకు సగం. దాన్ని అర్ధాయువంటారు. కట్టె కొట్టిన రోజుతో దాని ఖాతాలో జమ ఆగిపోతుంది. ఇక ఖర్చే. ఎంత మిగిలిందో చూస్తే, ఖాతా మూసి ఎన్నాళ్ళయిందో తెలుస్తుంది.

షికాగోలో విల్లార్డ్ లిబ్బీ ఈ లెక్క కట్టి 1949లో మొదటి వయసులు ప్రకటించాడు. 1960లో నోబెల్ అందుకున్నాడు. బతికున్న చెట్టు కార్బన్ ఒక గ్రాము తీసుకుంటే నిమిషానికి పద్నాలుగు సార్ల దాకా టిక్కుమంటుంది. ఆ టిక్కులు ఓపిగ్గా లెక్కపెట్టడమే మొదట్లో పని. ఇప్పుడైతే యాక్సిలరేటరు యంత్రాల్లో పరమాణువుల్నే ఒక్కొక్కటిగా లెక్కేస్తారు. చిటికెడు బొగ్గు చాలు. ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలో, అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాలలో ఆ యంత్రాలున్నాయి.

ఇంకో తమాషా. ఈ లెక్కలో ‘‘ఇప్పటికి ఇన్నేళ్ళ కిందట’’ అని రాస్తారు చూశారా, ఆ ‘‘ఇప్పుడు’’ అంటే 1950. ఆ తర్వాత అణుబాంబు పరీక్షలు గాలిలోని కార్బన్-14ను రెట్టింపుకు దగ్గరగా పెంచి లెక్క పాడుచేశాయి. అందుకని శాస్త్రజ్ఞుల క్యాలెండరు 1950 దగ్గరే ఆగిపోయింది. మా ఊరి రచ్చబండ మీద అట్లా ఆగిపోయిన పెద్దమనుషులు నాకు నలుగురైనా తెలుసు.

మంట చూస్తుంటే గుర్తొచ్చింది. మా కల్యాణదుర్గం దగ్గర పాలవాయి ఉంది. అక్కడ ఒక బూదిదిబ్బ ఉంది. బళ్ళారి వైపు పోతే ఇట్లాంటివి చాలా కనబడతాయి. 1882 దాకా మా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలోదే కదా. మట్టి దిబ్బ అనుకుని తవ్వితే లోపలంతా బూడిద. అక్కడక్కడా కరిగి గడ్డకట్టి, కొలిమి చిట్టెంలా, గాజులా మెరుస్తుంది. భీముడు చంపి కాల్చిన హిడింబాసురుడి బూడిద అని ఊళ్ళో కథ. ఇనుము కరగబెట్టిన చోటేమో అని ఒకరు, యుద్ధంలో పోయినవాళ్ళను మూకుమ్మడిగా దహనం చేసిన చోటేమో అని ఇంకొకరు. దొరలు కూడా వంద ఏళ్ళు ఇట్లా తగువులాడుకున్నారు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాఖ దొర మాత్రం, ఇది పేడ బూడిద, రాతి పనిముట్ల కాలం నాటి పశువుల దొడ్డి అన్నాడు. తర్వాత జ్యూనర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో పరీక్షించి పేడేనని తేల్చాడు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు పాలమూరు జిల్లా ఉట్నూరులో బూదిదిబ్బ తవ్వాడు. ఆదిలాబాదు ఉట్నూరు కాదు, ఇది మక్తల్ వైపుది. కంచె గుంజలు పాతిన గుంతలు, బూడిదలో పడి నిలిచిపోయిన పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అక్కడి బొగ్గుకు కార్బన్ లెక్క కడితే నాలుగు వేల ఏళ్ళు దాటింది. భీముడి పేరు చెప్పుకుంటున్న దిబ్బ నిజంగానే అంత పాతదన్నమాట. రాక్షసుడు మాత్రం లేడు, ఆవులున్నాయి.

మా పాలవాయిలో వి. రామిరెడ్డిగారు తవ్వకాలు జరిపి, 1976లో పుస్తకం తెచ్చారు. ఒక మాట ఆలోచించండి. ఏటేటా పేడ కుప్పేసి, ఏదో ఒక పండుగకో పశువుల జబ్బుకో దానికి నిప్పు పెట్టి, చుట్టూ నిలబడినవాళ్ళు మనలాగే చేతులు కాచుకుని ఉంటారు. ఆల్చిన్ కూడా ఆ మంటల్ని మన పండుగ మంటలతోనే పోల్చి చూశాడు. మొన్న భోగికి మా పిల్లలు మంటలో పిడకల దండ వేస్తుంటే నాకు పాలవాయి దిబ్బే కళ్ళ ముందు మెదిలింది.

‘‘అయితే ఆ లెక్కతో మన కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు వయసు కట్టెయ్యొచ్చు కదా’’ అని మీలో ఎవరో అడగబోతున్నారు. తిమ్మమ్మ 1434లో సహగమనం చేసిన చోట మొలిచిందని కథ. కట్టవచ్చు. కానీ మర్రి మాయదారి చెట్టు. ఊడ దిగి మానవుతుంది, మాను పుచ్చిపోతుంది. చేతికందిన కట్టె ఏ కాలందో అదే చెబుతుంది కార్బన్. పోయిన మాను మాట చెప్పదు. వీడు నిజమే చెబుతాడు, కానీ అడిగినదానికే చెబుతాడు. కోర్టు సాక్షిలాగా.

ఇంకో ఇబ్బంది. యాభై వేల ఏళ్ళు దాటితే కార్బన్-14 ఖాతాలో పైసా మిగలదు. మా కొండలకు అది ఏ మూలకు? అక్కడికి ఇంకో కరణం కావాలి. ఆ కరణాన్ని మనకు బాగా పరిచయం చేసినవాళ్ళలో ముందు వరుస మనిషి మన దేశంవాడే. దేవేంద్ర లాల్. 1929లో కాశీలో పుట్టాడు. బొంబాయి టాటా సంస్థలో ఉండగా, 1950లలో, తోటివాళ్ళతో కలిసి బొంబాయి వాన నీళ్ళు పట్టి వడగట్టి, అందులో విశ్వకిరణాలు పుట్టించిన బెరిలియంను పట్టుకున్నాడు. మనం వాన పడితే తొట్లూ బిందెలూ పెడతాం, ఆయనా అదే చేశాడు. తర్వాత అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాలకు సంచాలకుడయ్యాడు. రాళ్ళలో ఈ గుర్తులు ఎంత వేగంగా చేరతాయో, కోత పడితే లెక్క ఎట్లా మారుతుందో 1991లో ఆయన రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఇవాళ్టికీ పక్కన పెట్టుకుంటారు.

రాళ్ళలో ఏ రాయి? చెబితే మీరు నవ్వుతారు. పలుగురాయి! మా చేలల్లో కాలు పెడితే గుచ్చుకునే, నాగలికి అడ్డం పడే, ఏరి ఏరి గట్టు మీద కుప్ప పోసే తెల్ల పలుగురాయి. విశ్వకిరణాల జల్లులో మిగిలిన న్యూట్రాన్లు నేల మీద పడ్డ పలుగురాయిలోకి దూరి, అందులోని ఆక్సిజన్‌ను పగలగొట్టి బెరిలియం-10ను, సిలికాన్‌ను పగలగొట్టి అల్యూమినియం-26ను పుట్టిస్తాయి. బెరిలియం-10 అర్ధాయువు దాదాపు 14 లక్షల ఏళ్ళు. అల్యూమినియం-26ది ఏడు లక్షలకు కాస్త పైన.

ఎన్ని పుడతాయి? ధ్రువాల వైపు, సముద్ర మట్టం దగ్గర అయితే గ్రాము పలుగురాయిలో ఏడాదికి నాలుగు బెరిలియం-10 పరమాణువులు. మన దగ్గర ఇంకా తక్కువ. ఆ గ్రాములో మొత్తం పరమాణువులెన్నంటే ఒకటి పక్కన ఇరవైరెండు సున్నాలు పెట్టి మూడుతో గుణించండి. అందులో ఏడాదికి నాలుగు! రాయిని దంచి, గాజును కూడా తినేసే ఆమ్లంలో కరిగించి, యాక్సిలరేటరులో పంపి లెక్కపెడతారు. మార్కెట్ యార్డులో చెనిక్కాయల గుట్టలన్నీ కలిపి పోసి, అందులో ఫలానా చేను కాయ ఏదో ఏరమన్నట్టుంటుంది పని. అయినా ఏరుతున్నారు.

ఈ కిరణాలు రాయిలోకి ఎక్కువ లోతు పోలేవు. రెండడుగులు దిగేసరికి మూడో వంతుకు పడిపోతాయి. అందుకే ఈ కరణం పైపొర లెక్క మాత్రమే రాస్తాడు. పైపొర త్వరత్వరగా కొట్టుకుపోయే చోట, కింది రాయి పైకి వచ్చి నిలబడకముందే అదీ పోతుంది. బెరిలియం పోగుపడదు. నిదానంగా అరిగే చోట బాగా పోగుపడుతుంది. అంటే లెక్క తిప్పి చదివితే నేల ఎంత వేగంగా అరుగుతోందో తెలుస్తుంది.

యానీ గన్నెల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన ఫ్రెంచి సహచరులు మన దక్షిణాది పాత శిలాపీఠం మీద ఈ లెక్క కట్టి 2007లో ప్రకటించారు. సారాంశం మనకు చాలినంత చెబుతాను. హిమాలయాల్లో ఏడాదికి మిల్లీమీటరు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ అరిగితే, మన పీఠభూమిలో మిల్లీమీటరులో వందో వంతు స్థాయి. పది లక్షల ఏళ్ళకు పది మీటర్లు అనుకోండి, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ.

ఈ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. గుత్తికి పదమూడు కిలోమీటర్ల దూరంలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడ్డాయి. 2,250 ఏళ్ళు దాటింది చెక్కించి. మిల్లీమీటరులో వందో వంతు చొప్పున 2,250 ఏళ్ళకు ఎంత? రెండుంబావు సెంటీమీటర్లు. ఆ బండ అట్లా అరిగి ఉంటే ఒక్క అక్షరం మిగిలేది కాదు. మిగిలాయంటే, మట్టి తగలక, నీళ్ళు నిలవక, నున్నగా ఎండలో నిలబడ్డ బండ చుట్టుపక్కల నేలకన్నా చాలా నిదానంగా అరిగిందన్నమాట. చెమ్మ లేని చోట రాయికి ఆయుష్షు ఎక్కువ. కరువు కూడా ఒక రకంగా కాపలాదారే.

కానీ నా నిద్ర చెడగొట్టింది అది కాదు. ఆ రెండుంబావు సెంటీమీటర్లు దగ్గరదగ్గర ఒక అంగుళం. ఆ వేగంతో రాయి చివికి అంగుళం మట్టి కావాలంటే, అశోకుడి కాలం నుంచి మన కాలం దాకా పడుతుంది! మొన్న భాద్రపదంలో ఒక్క పూట కుండపోతగా కొట్టిన వానకు మా చేను వంక పక్కన ఎర్రమట్టి జానెడు కోసుకుపోయింది. గట్టు తెగిందని మా చిన్నాయన ‘‘నాలుగు ట్రాక్టర్లు మట్టి తోలిద్దాం లేప్పా’’ అన్నాడు. నాలుగు ట్రాక్టర్లని ఆయనకనిపించింది. నాకు మౌర్యులూ శాతవాహనులూ చాళుక్యులూ రాయలూ అందరూ కలిసి వంకలో కొట్టుకుపోయినట్టనిపించింది.

ఇంకాస్త పొట్టు వెయ్యండి మంటలో. ఆరిపోయేట్టుంది.

పలుగురాయి ఇంకో పని కూడా చేస్తుంది. పైన ఎండ కాగిన రాయి తర్వాత వరద మట్టిలో లోతుగా పూడిపోయిందనుకోండి. ఇక కిరణాలు తగలవు. రెండు గాదెలు ఊహించుకోండి. అల్యూమినియం గాదెలోకి ఏడు బస్తాలు పోస్తుంటే బెరిలియం గాదెలోకి ఒకటి పోస్తారు. ఎన్నాళ్ళు పోసినా వరుస దాదాపు అదే. తర్వాత తలుపులు మూసేశారు. అల్యూమినియం గాదెలో పురుగు రెండింతల జోరుగా తింటుంది. చాలా ఏళ్ళకు తెరిచి చూస్తే ఏడుకు ఒకటి ఉండదు, ఐదుకో మూడుకో ఒకటి ఉంటుంది. ఆ తేడాయే తలుపు మూసి ఎన్నాళ్ళయిందో చెబుతుంది.

చెన్నైకి వాయవ్యంగా, మన చిత్తూరు సీమ పొలిమేరకు దగ్గర్లో అత్తిరంపాక్కం ఉంది. మన బూదిదిబ్బల ఫుట్ దొరే 1863లో అక్కడ రాతి గొడ్డళ్ళు కనిపెట్టాడు. అవి ఎప్పటివో నూటయాభై ఏళ్ళ దాకా తేల్చలేకపోయారు. శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ అనే పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ ఏళ్ళ తరబడి తవ్వి, పనిముట్లలోని పలుగురాతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞులకు ఇచ్చి ఈ రెండు గాదెల లెక్క చూపించారు. 2011లో ఫలితం వచ్చింది. సగటున 15 లక్షల ఏళ్ళు! మన మనిషి జాతి ఇంకా పుట్టనేలేదు. అప్పుడే ఎవరో ఆ ఏటి గట్టున కూర్చుని రాయిని చెక్కుతున్నారు. ఆ చెక్కిన చెయ్యి ఎట్లాంటిదో తెలియకపోయినా, ఆ రాయి మట్టిలో పడిన కాలం మనకు తెలిసింది. ఎవరు చెప్పారు? ఎక్కడో పేలిన నక్షత్రం.

ఇక చివరి సంగతి. నా మనసులో ఉన్నది ఇదే. మిగిలినవన్నీ దీనికి దారి.

మా నాయన కాలంలో మా చేలో ఐదు బోర్లు వేశారు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే ఆయన వచ్చాడు. టెంకాయ నిక్కిన చోటల్లా వేశాం. నాలుగింట్లో దుమ్ము లేచింది. ఐదోది మూడేళ్ళు పోసి, తర్వాత గాలి కొట్టింది. మొదటిది నూటిరవై అడుగులు, ఆఖరుది తొమ్మిది వందలు. ప్రతిసారీ టెంకాయ నిక్కింది, మా నాయన అప్పు కూడా నిక్కింది. ఆ మాటే మంట దగ్గర అంటే మా మామ అడిగాడు:

‘‘అల్లుడా, నీళ్ళకు కూడా వయసు ఉంటదంటివే, నిజమేనా?’’

‘‘ఉంటది మామా.’’

‘‘వయసు తెలిస్తే ఏమొస్తది? తాగేది నీళ్ళు, వయసు కాదు కదా.’’

మామ మాట తీసెయ్యదగ్గది కాదు. జవాబు చెప్పాలంటే మా హగరికి పోవాలి. కన్నడ దేశంలో వేదవతి అంటారు. అక్కడ పుట్టి, మా జిల్లాలోకి వచ్చి, భైరవానితిప్ప ఆనకట్ట దగ్గర నిలిచి, బళ్ళారి వైపు పోయి తుంగభద్రలో కలుస్తుంది. ఇసుక ఎక్కువ, నీళ్ళు తక్కువ. హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన సుఖీజా, రావు అనే ఇద్దరు ఈ వేదవతి పరీవాహకంలోని భూగర్భ జలాలను ట్రిటియంతోనూ కార్బన్-14తోనూ పరీక్షించి, 1983లో ప్రకటించారు.

ట్రిటియమంటే హైడ్రోజన్ అన్నదమ్ముల్లో అందరికన్నా బరువైనవాడు. విశ్వకిరణాల వల్లే గాలిలో పుట్టి, వాన చినుకులోనే నీరై దిగుతాడు. అణుబాంబు పరీక్షలు కూడా వాణ్ణి కుమ్మరించాయి. 1963 ప్రాంతంలో వాన నీటిలో వాడి జోరు అన్ని ఏళ్ళకన్నా మిన్న. అర్ధాయువు 12.3 ఏళ్ళే. కాబట్టి బావి నీటిలో ట్రిటియం కనబడితే అది ఈ మధ్య దశాబ్దాల వాన. బొత్తిగా లేకపోతే, ఆ నీళ్ళు బాంబులకు ముందే నేలలోకి దిగినవి. అప్పుడు కార్బన్-14ను అడగాలి. నేలలో సున్నపు కంకర ఉంటే అందులోని పాత కార్బన్ కలిసి నీళ్ళు అసలుకన్నా ముసలివిగా కనబడతాయి. ఆ మోసం తీసివెయ్యడానికి వేరే లెక్క ఉంది. ఇంకా పాతవైతే క్లోరిన్-36 ఉంది. దాని అర్ధాయువు మూడు లక్షల ఏళ్ళు. అంత పాత నీళ్ళకూ వయసు కట్టొచ్చు.

మామకు నేను చెప్పిన జవాబు ఇది. ‘‘మామా, నీ దగ్గర డబ్బుంది. అది ఈ నెల కూలీనా, తాత దాచిపెట్టిన మూటా? ఖర్చు పెట్టేటప్పుడు ఈ సంగతి తెలియాలా వద్దా?’’

మామ మాట్లాడలేదు. చెనిక్కాయ ఒలుస్తూ ఉండిపోయాడు.

మన కఠినశిల నేలలో పైన చివికిన రాతి పొర ఉంటుంది. పాత దిగుడు బావులన్నీ ఆ పొరలోనివే. అందులోకి ఏటేటి వాన దిగుతుంది. చాలాచోట్ల కురిసినదాంట్లో పదో వంతు కూడా దిగదు, కానీ ఏటా ఎంతో కొంత దిగుతుంది. అది కూలి డబ్బు. కింద గట్టి రాయి. దాని పగుళ్ళలో అక్కడక్కడా నిలిచిన నీళ్ళు మూట డబ్బు. నూటిరవై అడుగుల నుంచి తొమ్మిది వందలకు పోయామంటే, కూలి చాలక మూట విప్పాం. మూటలో ఏ తాత పెట్టాడో, ఎప్పుడు పెట్టాడో, మళ్ళీ ఎన్నాళ్ళకు నిండుతుందో ఐసోటోపులు చెబుతాయి. టెంకాయ చెప్పదు.

మన పెద్దవాళ్ళకు కార్బన్ తెలియదు, ట్రిటియం తెలియదు. అయినా బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని చెరువులకు సముద్రాల పేర్లు పెట్టి తవ్వించారు. కూలి డబ్బుతోనే బతకాలని వాళ్ళకు తెలుసు. ఏటి వానను ఏటికి పట్టుకున్నారు. గట్టు కట్టి మట్టిని నిలిపారు. ఆకాశం రాసిన లెక్క వాళ్ళు చదవలేదు కానీ, చదివినవాళ్ళలా నడుచుకున్నారు. మనం చదివాం.

మా జిల్లాను ఏమీ లేని నేల అంటారు. ఆ మాట ఒప్పుకోను. అంగుళానికి రెండు వేల ఏళ్ళ మట్టి ఉంది. బూదిదిబ్బలో నాలుగు వేల ఏళ్ళ మంట ఉంది. గట్టు మీద ఏరి పారేసిన ప్రతి పలుగురాయీ ఒక చిట్టా పుస్తకం. లేనిది ఆదాయం మాత్రమే. ఆదాయం తక్కువైన ఇంట్లో లెక్క మరీ జాగ్రత్తగా రాసుకోవాలి.

సరే, మంట కొడిగట్టింది. మీరూ పడుకోవాలి. పోయేటప్పుడు ఆ బూడిద మీద నాలుగు చెంబుల నీళ్ళు చల్లాలనుకుంటున్నారేమో, వద్దు, మట్టి కప్పండి చాలు. అట్లాగే ఇంటికి పోగానే ఒక్క పని చెయ్యండి. చేలో మోటారుకు ఆటో స్టార్టరు పెట్టి ఉంటే, తెల్లవారుజామున కరెంటు రాగానే అది తనంతట తానే మూట విప్పుతుంది. దాన్ని ఆపి పడుకోండి.